ఏ సంఘంలో సభ్యుడివయ్యా నాయకుడా?

గుడిబండ బడి ఆవరణలో పోయిన చలికాలం కంటి వైద్య శిబిరం పెట్టినారు. షామియానా వేసినారు, మైకు కట్టినారు. చుట్టుపక్కల పల్లెల నుంచి ముసలీ ముతకా ఆటోల్లో సద్దిమూటలతో వచ్చినారు. పట్నం నుంచి వచ్చిన డాక్టర్లు ఓపిగ్గా చూసినారు. పొర వచ్చిన వాళ్ళకు ఆపరేషనుకు చీటీ రాసిచ్చినారు. మంచి పని. అందులో వంక పెట్టేందుకు ఏమీ లేదు.

శిబిరానికి ముందు సభ జరిగింది. ఖర్చు పెట్టుకున్న పెద్దమనిషిని పరిచయం చేయడానికి మైకు పట్టుకున్నాయనకు చాలాసేపు పట్టింది. ఫలానా పార్టీ నాయకులు, ఫలానా క్లబ్బు మాజీ అధ్యక్షులు, ఫలానా కులసంఘం గౌరవాధ్యక్షులు, ఫలానా గుడి కమిటీ పెద్దలు. జాబితా అయిపోయేసరికి నా వెనక కూర్చున్న ఒకామె పక్కనామెతో అన్నది: “ఇన్నిట్లో ఉన్నాడు కదమ్మా, మన కూలిసంఘంలో లేడా?”

చుట్టూ ఉన్నవాళ్ళం నవ్వినాం. కానీ అది నవ్వి వదిలేసే మాట కాదు.

కన్ను ఇచ్చినాయన్ని కూలి ఎట్లా అడిగేది?

అంతకు ముందు సంవత్సరం ఇట్లాంటి శిబిరంలోనే కన్ను బాగు చేయించుకున్న అవ్వ ఒకామె మా పల్లెల్లో ఉంది. వక్క ఒలిచే పనికి పోతుంది. మా మడకశిర, గుడిబండ పక్క వక్కతోటలు ఉన్నవాళ్ళకు పంట కాలంలో ఈ ఆడవాళ్ళ చేతులు లేకపోతే పని సాగదు. కిలోకు ఇంత అని కూలి. ఆ అవ్వకూ, ఆమెతో పోయే మరి కొందరికీ అయిదు వారాల కూలి నిలిచిపోయింది. ఆ తోట ఎవరిదో చెప్పనక్కర లేదు. శిబిరం పెట్టించిన పెద్దమనిషిదే.

సంఘం మీటింగు పెట్టినాం. అందరం పోయి అడుగుదామన్నాం. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఆ అవ్వ అన్నది: “కన్ను ఇచ్చినాయన్ని కూలి ఎట్లా అడిగేది నాయినా? నోరు రాదు.”

ఇరవై ఏండ్లుగా కూలి పోరాటాల్లో తిరుగుతున్నాను. పోలీసుకు భయపడినవాళ్ళను చూసినాను. పని ఇవ్వరేమోనని భయపడినవాళ్ళను చూసినాను. ఆ భయాలకు నా దగ్గర జవాబు ఉండేది. ఈ అవ్వది భయం కాదు, విశ్వాసం. తిన్న తిండిని మరువని గుణం. దానికి ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయినాను. తర్వాత చదివిందీ, పెద్దలను అడిగి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మేస్త్రీల పేరుంది, మేస్త్రి లేడు

నాయకులు సేవా సంఘాల్లో, సోదర సంఘాల్లో చేరడం మన దగ్గర పుట్టింది కాదు. ఇంగ్లాండులో ‘ఫ్రీమేసన్లు’ అని ఒక సోదర సంఘం ఉంది. 1717లో లండన్‌లో దాని పెద్ద సభ ఏర్పడింది. రాళ్ళు చెక్కి గోడలు కట్టే మేస్త్రీల పేరు పెట్టుకున్నారు. మూలమట్టం, కంపాసు వాళ్ళ గుర్తులు. లోపలికి పోవాలంటే ప్రమాణం చేయాలి, రహస్యం కాపాడాలి. ఒకరినొకరు ‘సోదరా’ అని పిలుచుకుంటారు. ఆ సోదరులు ఎవరు? ప్రభువులు, సేనాపతులు, వకీళ్ళు, వర్తకులు. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఈ సంఘ సభ్యుడు. హిరోషిమా మీద అణుబాంబు వేయించిన అధ్యక్షుడు ట్రూమన్ కూడా సభ్యుడే. మన దేశంలో మోతీలాల్ నెహ్రూ సభ్యుడు. స్వాతంత్ర్యం వచ్చినాక 1961లో భారతదేశానికి వేరుగా పెద్ద సభ ఏర్పడితే దాని మొదటి అధిపతి రాంపూర్ నవాబు. మేస్త్రీల పేరుంది, మేస్త్రీల మూలమట్టం ఉంది, మేస్త్రి మాత్రం లేడు!

రోటరీ క్లబ్బు 1905లో అమెరికాలోని షికాగోలో పుట్టింది. పాల్ హారిస్ అనే వకీలు మొదలుపెట్టినాడు. వంతులవారీగా ఒకరి ఆఫీసులో ఒకరు కలుసుకునేవారు. ఆ వంతు తిరగడం నుంచే పేరు వచ్చింది. లయన్స్ క్లబ్బు 1917లో, అదే ఊళ్ళో, మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్సు వ్యాపారి చొరవతో మొదలయింది. కంటి శిబిరాలకూ లయన్స్‌కూ ఇంత సంబంధం ఎందుకంటే, 1925లో హెలెన్ కెల్లర్ అనే ఆమె, చూపూ వినికిడీ రెండూ లేని మనిషి, వాళ్ళ మహాసభకు పోయి గుడ్డివాళ్ళ తరఫున నిలబడమని అడిగింది. అప్పటి నుంచి ఆ పని పట్టుకున్నారు. రోటరీవాళ్ళు 1985లో పోలియో మీద పని మొదలుపెట్టినారు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది. 2014లో పోలియో పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరణ ఇచ్చింది. ప్రభుత్వాల డబ్బూ, ఇంటింటికీ తిరిగిన అంగన్‌వాడీ, ఆశా అక్కల కాళ్ళూ లేకుండా అది జరిగేది కాదు. అయినా రోటరీవాళ్ళ కృషి ఉంది. ఉన్నదాన్ని లేదనకూడదు.

మరి తేడా ఎక్కడ? ఈ క్లబ్బుల్లోకి మనంతట మనం పోయి చేరలేం. ఉన్న సభ్యులు పిలవాలి. మొదటి నుంచీ వ్యాపారం, ఉద్యోగం, వృత్తి చూసి పిలుస్తారు. ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకోవడానికి లయన్స్‌కు 1987 దాకా, రోటరీకి 1989 దాకా పట్టింది. కూలివాడు ఆ గుమ్మం దాకా పోవచ్చు. చేయి చాపి తీసుకునేవాడిగా పోవచ్చు. సభ్యుడిగా కుర్చీలో కూర్చుని “పోయిన సంవత్సరం లెక్క చెప్పండయ్యా” అని అడగలేడు.

పెద్దల ప్రమాణం, కూలీల ప్రమాణం

సోదర సంఘం పెట్టుకునే బుద్ధి పెద్దలకే పుట్టలేదు, కూలీలకూ పుట్టింది. పుట్టినప్పుడు ఏమయిందో చూడండి.

ఇంగ్లాండులో టాల్‌పడిల్ అని చిన్న పల్లె. అక్కడి వ్యవసాయ కూలీల వారం కూలి తొమ్మిది షిల్లింగులు ఉండేది. భూస్వాములు దాన్ని ఎనిమిదికి, తర్వాత ఏడుకు దించినారు. ఆరుకు దించుతామన్నారు. 1833లో జార్జి లవ్‌లెస్ అనే కూలీ, ఆదివారాలు ప్రార్థన చెప్పే మనిషి, మరికొందరితో కలిసి వ్యవసాయ కూలీల స్నేహ సంఘం పెట్టినాడు. చేరేటప్పుడు కళ్ళకు గుడ్డ కట్టి ప్రమాణం చేయించినారు. పెద్దల సోదర సంఘాల్లో చేసేదీ ఇట్లాంటిదే. కూలి పెంచమని అడగడం అప్పటికే చట్టప్రకారం నేరం కాదు. కాబట్టి ప్రభుత్వం ఓడల్లో సైనికుల తిరుగుబాటును అణచడానికి 1797లో తెచ్చిన ప్రమాణాల చట్టాన్ని వెతికి పట్టుకుంది. 1834 మార్చిలో ఆరుగురు కూలీలకు ఏడేండ్ల ద్వీపాంతర శిక్ష వేసి ఆస్ట్రేలియాకు ఓడ ఎక్కించినారు.

ఆ రోజుల్లో ఫ్రీమేసన్ల అధిపతి ఎవరో తెలుసా? సాక్షాత్తూ రాజుగారి తమ్ముడు సస్సెక్స్ డ్యూకు. 1799లో రహస్య సంఘాలను నిషేధిస్తూ చట్టం తెచ్చినప్పుడు ఫ్రీమేసన్లకు మినహాయింపు ఇచ్చినారు. రాజుగారి ఇంకో తమ్ముడు ఆరెంజి సంఘం అనే మరో ప్రమాణాల సంఘానికి అధిపతి. ఆయన మీద కేసు లేదు. అదే చీకటి గది, అదే ప్రమాణం. పెద్దలు చేస్తే పరువు, కూలీలు చేస్తే నేరం!

లండన్‌లో వేలాది కార్మికులు ఊరేగింపు తీసినారు. లక్షల సంతకాలు పెట్టినారు. 1836లో శిక్ష రద్దయింది. తిరిగి వచ్చిన వాళ్ళలో అయిదుగురు తర్వాత కెనడాకు వలస పోయినారు. సొంత పల్లెలో ఉండిపోయిన జేమ్స్ హామెట్ 1891లో దిక్కులేనివాళ్ళ శాలలో చనిపోయినాడు. కానీ ఈ రోజుకీ ఏటా ఆ పల్లెలో కార్మిక సంఘాలు జెండాలతో నడుస్తాయి.

అడయారు బడి, రుషివ్యాలీ బడి

మన సీమకు వద్దాం. మనకు దగ్గరలో పుట్టి పెరిగిన సోదర సంఘం దివ్యజ్ఞాన సమాజం. 1875లో న్యూయార్కులో పుట్టింది. 1882లో మద్రాసు అడయారుకు వచ్చింది. కులమతాలు లేని విశ్వమానవ సౌభ్రాతృత్వం దాని మొదటి ఆశయం. కాంగ్రెసు పుట్టుకకు కారకుడైన హ్యూమ్ దొర ఇందులో సభ్యుడు. అనిబిసెంటు 1907 నుంచి చనిపోయేదాకా, అంటే 1933 దాకా, దీని అధ్యక్షురాలు. ఆడవాళ్ళను కూడా చేర్చుకునే ఫ్రీమేసన్ శాఖను 1902లో ఇంగ్లాండుకు తెచ్చింది కూడా ఆమే. మదనపల్లె కాలేజీని 1915లో స్థాపించింది, 1916లో హోం రూల్ లీగు పెట్టింది, 1917లో కాంగ్రెసు అధ్యక్షురాలయింది.

ఈమె గురించి కూలీలు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. దివ్యజ్ఞానంలో చేరకముందు, 1888లో, లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లల కష్టాలను పత్రికలో రాసి, వాళ్ళ సమ్మెకు అండగా నిలబడిన మనిషి ఆమె. ఆ సమ్మె గెలిచింది. అదే మనిషి 1920లో గాంధీ సహాయ నిరాకరణకు పిలుపిచ్చి జనం రోడ్డెక్కితే వ్యతిరేకించింది. మనిషి ఒకటే. కూర్చున్న చోటు మారింది. చుట్టూ ఉన్న సభ్యులు మారినారు.

ఈ సమాజం నీడలో నడిచిన బడుల్లో మన అనంతపురం జిల్లా పిల్లలు ఇద్దరు చదువుకున్నారు. ఇల్లూరు నీలం సంజీవరెడ్డి అడయారు దివ్యజ్ఞాన సమాజం హైస్కూల్లో చదివినాడు. తరిమెల నాగిరెడ్డి మదనపల్లె పక్కనున్న రుషివ్యాలీలో చదివినాడు. ఇద్దరూ భూములున్న ఇండ్ల బిడ్డలే. పైగా చుట్టాలు. నాగిరెడ్డి అక్కచెల్లెళ్ళలో ఒకరైన నాగరత్నమ్మనే సంజీవరెడ్డి పెళ్ళి చేసుకున్నాడు. సౌభ్రాతృత్వం ఇద్దరికీ పాఠమే. కానీ 1952 ఎన్నికల్లో అనంతపురంలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడినారు. కాంగ్రెసు సంజీవరెడ్డిని కమ్యూనిస్టు నాగిరెడ్డి ఓడించినాడు. తర్వాత సంజీవరెడ్డి 1956లో ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి అయినాడు, 1977లో రాష్ట్రపతి అయినాడు. నాగిరెడ్డి 1969లో శాసనసభ సభ్యత్వం వదిలి బయటికి నడిచినాడు. 1976లో అజ్ఞాతంలో ఉండగానే కన్నుమూసినాడు.

ఇద్దరి దారుల మీదా మనలో వాదాలున్నాయి, ఉండనీ. ఇక్కడ చెప్పదలుచుకున్నది ఒక్కటే. బడిలో నేర్పిన సోదరభావం ఎవరు ఏ పక్క నిలబడతారో తేల్చలేదు. బయటికి వచ్చినాక ఎవరి మధ్య కూర్చున్నారు, ఎవరికి లెక్క చెప్పినారు అన్నదే తేల్చింది.

సభ ‘సంగం’ అయిన కథ

పెద్దమనుషుల సంఘం కూలీల సంఘంగా మారిన సందర్భం మన తెలుగునాట ఉంది. కార్యకర్తలు ఇది బాగా చదువుకోవాలి.

1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టినారు. ఆ అవమానంతో కొద్దిమంది తెలుగువాళ్ళు కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు దాన్ని మోసినాడు. గ్రంథాలయాలు పెట్టినారు. వెట్టిచాకిరి గురించి చిన్న పుస్తకాలు వేసి పంచినారు. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ మొదటిసారి జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. 1931లో దేవరకొండ సభకు బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షుడు. వకీళ్ళు, పత్రికలవాళ్ళు, భూములున్నవాళ్ళు కూడి తీర్మానాలు చేసి నిజాం ప్రభుత్వానికి విన్నవించుకునేవారు. ఆ చీకటి రాజ్యంలో ఆ మాత్రం మాట్లాడటం తక్కువ పని కాదు. దీపం పెట్టినవాళ్ళు వాళ్ళు. కానీ ఆ వెలుగు ఎవరి పేరు మీద వెలిగిందో, ఆ వెట్టివాడు సభలో సభ్యుడు కాడు.

1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయినాడు. ఆయనా భూములున్న ఇంటివాడే. హరిజన సేవక సంఘం కార్యదర్శిగా పనిచేసినవాడు. అంటే సేవాసంఘంలో నుంచి వచ్చినవాడే. ఆయనా, ఆయన జతగాళ్ళూ చేసిన మార్పు ఒకటుంది. సభ్యత్వ చందా తగ్గించి తలుపు తెరిచినారు. పేదరైతు, కూలి, వెట్టివాడు రసీదు తీసుకుని సభ్యుడయినాడు. 1944 భువనగిరి సభ నాటికి పాత పెద్దలకు ఇది మింగుడు పడలేదు. వాళ్ళు వేరుకుంపటి పెట్టుకున్నారు. పల్లెల్లో జనం మాత్రం మహాసభ అనే పెద్ద మాట వదిలి ‘సంగం’ అన్నారు.

ఆ రసీదు విలువ ఏమిటో పాలకుర్తిలో తెలిసింది. చిట్యాల ఐలమ్మ, చాకలి ఐలమ్మ అంటే అందరికీ తెలుసు, సంగంలో సభ్యురాలు. ఆమె కౌలుకు చేసుకున్న భూమి మీద, పండిన పంట మీద విసునూరు దేశముఖు కన్ను వేసినాడు. కోతకు వచ్చిన గూండాలు వెనక్కి పోయినారు. సంగం వాళ్ళు పంట కోసి ఆమె ఇంటికి చేర్చినారు. ఎవరూ ఆమెకు దానం చేయలేదు. ఆమె పంట ఆమెకు చేరింది, అంతే. 1946 జులై 4న కడివెండిలో సంగం ఊరేగింపు మీద దేశముఖు మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగినాడు. తర్వాత జరిగింది చరిత్ర.

ఆ ఒక్క సంఘం నుంచి వచ్చిన నాయకులను లెక్కపెట్టండి. మాడపాటి 1951లో హైదరాబాదు నగర మేయరు. బూర్గుల 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి. రావి నారాయణరెడ్డి అదే 1952లో నల్లగొండ నుంచి లోక్‌సభకు పోటీ చేస్తే నెహ్రూకు వచ్చిన ఓట్ల కన్నా ఎక్కువ ఓట్లు వచ్చినాయి. సంఘం పేరు ఒకటే. ‘ఫలానా సంఘం నాయకులు’ అని మైకులో చదివితే ముగ్గురికీ ఒకే పరిచయం. కానీ ఒకరి కాలంలో కూలి సభ బయట ఉన్నాడు, ఇంకొకరి కాలంలో లోపల ఉన్నాడు.

కులం బంధువు

క్లబ్బులకన్నా మన పల్లెల్లో బలంగా ఉన్న సోదర సంఘం కులసంఘం. హాస్టలు కడతారు, పెళ్ళి మండపం కడతారు, పిల్లలకు ఫీజు సాయం చేస్తారు. అణిగి ఉన్న కులాలు తలెత్తడానికి పెట్టుకున్న సంఘాల సంగతి వేరు. అవి అవసరం. కానీ నూరెకరాల ఆసామీ, అదే కులంలో అరెకరం కూడా లేని కూలీ ఒకే సంఘంలో ‘సోదరులు’ అంటే ఒకసారి తడిమి చూడాలి. ఓట్ల రోజు “మనవాడు” అంటాడు. పంచాయితీలో “మన పరువు” అంటాడు. కూలి అడిగిన రోజు మాత్రం “ఎవరికిచ్చిన రేటే నీకూ” అంటాడు. అప్పుడు బంధుత్వం గుర్తుకు రాదు.

మూడు ప్రశ్నలు, మొదట మనకే

కాబట్టి వేదిక మీద ఏ నాయకుడి సంఘాల జాబితా చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ సంఘంలో నేను సభ్యుడిగా చేరవచ్చునా? దాని డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, లెక్క ఎవరికి చెబుతారు? నాయకుడు తప్పు చేస్తే దించే హక్కు సభ్యులకు ఉందా? మూడింటికీ లేదు అని జవాబు వస్తే, అది మంచి పని చేసేదే అయినా మన సంఘం కాదు. వాళ్ళు ఇచ్చింది తీసుకుందాం, దండం పెడదాం. మన హక్కును మాత్రం వాళ్ళ చేతిలో పెట్టొద్దు.

ఈ ప్రశ్నలు మన సంఘానికీ వేయాలి. వేస్తే నాకు తల వంగింది. మా గుడిబండ పల్లెల్లో కూలికి పోయేవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళు. మా కమిటీలో మొన్నటిదాకా ఒక్క ఆడమనిషి లేదు. బెంగళూరుకు వలస పోయినవాళ్ళ సభ్యత్వం ఎవరూ కొత్త చేయలేదు. రెండేండ్లు చందా లెక్క మీటింగులో చదవలేదు. ఎర్రకండువా వేసుకున్నంత మాత్రాన లెక్క తప్పించుకుంటే, మెడలో క్లబ్బు పతకం వేసుకున్నాయనకూ మనకూ తేడా ఏముంది?

ముందు అది సరిచేసుకున్నాం. లెక్క చదివినాం. ముగ్గురు ఆడవాళ్ళను కమిటీలోకి ఎన్నుకున్నాం. వక్క ఒలిచేవాళ్ళలో నుంచే ఒకామె వచ్చింది. తర్వాత మళ్ళీ అవ్వ దగ్గరికి పోయినాం. ఈసారి మాట్లాడింది నేను కాదు, ఆ కమిటీ అమ్మాయే: “అవ్వా, ఆయన నీ కన్ను బాగు చేయించినాడు, నిజమే. ఆ ఖర్చు ఆయన పెట్టింది. ఈ అయిదు వారాల వక్క నువ్వు ఒలిచింది. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు. రెండూ కలిపితే ఆయన నీ కూలితోనే నీ కన్ను చేయించినట్టు అవుతుంది.”

అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పులేసుకుంది.

పద్నాలుగు మంది పోయినాం. పెద్దమనిషి నొచ్చుకున్నాడు. “ఇంత చేసినా నా ఇంటి మీదికే వస్తారా” అన్నాడు. అవ్వే ముందుకు వచ్చి, “నీ సేవకు దండం నాయినా, నా కూలికి లెక్క” అన్నది. మూడు వారాల బాకీ ఆ పూటే ఇచ్చినాడు. రెండు వారాలది ఇంకా రావాలి. మళ్ళీ పోతాం.

ఈ సంవత్సరం కూడా కంటి శిబిరం పెడతారట. పెట్టనీ. అవసరమున్నవాళ్ళు అందరూ పోండి, కళ్ళు చూపించుకోండి. చూపు వచ్చినాక మాత్రం, కూలి చీటీ మీద రాసిన అంకెలు మీ కళ్ళతో మీరే చూసుకోండి.